జైలులో రాసిన సంతోషపు ఉత్తరం: ఫిలిప్పీ పత్రికను ఎలా చదవాలి

ఫిలిప్పీ పత్రిక అంటే ఫిలిప్పీ పట్టణంలోని క్రైస్తవ సంఘానికి అపొస్తలుడైన పౌలు జైలు నుంచి రాసిన ఉత్తరం, బైబిల్లో ఉంది. మా ఇంటి కూడికలో దాన్ని మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "బ్రదర్, దీన్ని సంతోష పత్రిక అంటారు కదా. నేను మూడుసార్లు చదివాను. సంతోషం రాలేదు సరికదా, పౌలులా నేను ఉండలేకపోతున్నానే అని బాధ ఎక్కువైంది. అసలు దీన్ని ఎలా చదవాలి?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పీ చెప్పీ, ఇక అంతా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

ముందుగా ఒక్క మాట. ఈ ఉత్తరంలో సంతోషానికి అడ్డు జైలే అనుకుని చాలామంది చదువుతారు. "అంత కష్టంలో కూడా నవ్వాడు, నేనూ నవ్వాలి" అనుకుంటారు. అందుకే నీరసపడిపోతారు. ఉత్తరాన్ని జాగ్రత్తగా చూడండి. సంకెళ్లు తన సంతోషాన్ని తగ్గించాయని పౌలు ఎక్కడా అనడు. "నా సంతోషమును సంపూర్ణము చేయుడి" అని మాత్రం ఒకచోట అడుగుతాడు, 2:2లో, అంటే రెండో అధ్యాయం రెండో వచనంలో. ఆ సంతోషం నిండడానికి కావలసింది విడుదల కాదు. ఫిలిప్పీలో ఉన్నవాళ్లు ఏకమనసుతో ఉండాలి, అంతే. వెంటనే 2:3లో కక్ష వద్దు, వృథాతిశయం వద్దు, వినయం కావాలి అంటాడు. అంటే ఇక్కడ సంతోషాన్ని తినేసేది జైలు గోడ కాదు, మనుషుల మధ్య పోటీ. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. కింద చెప్పిన అడుగులన్నీ దీన్ని మీ కళ్లతో మీరే చూడడానికే.

కావలసినవి

పాత అనువాదం బైబిలు ఒకటి, అంటే మనందరి ఇళ్లలో ఉండే గ్రాంథిక భాష బైబిలు. వాడుక భాషలో ఉన్న అనువాదం ఇంకొకటి. ఫోన్లో యాప్ అయినా చాలు. ఒక నోటుబుక్కు. రెండు రంగు పెన్సిళ్లు, ఎరుపు, నీలం అనుకుందాం. రోజుకు ముప్పై, నలభై నిమిషాల చొప్పున ఒక వారం, పది రోజులు. వ్యాఖ్యాన గ్రంథాలు ఇప్పుడే తెరవకండి, యూట్యూబ్ ప్రసంగాలు కూడా. అవి చెడ్డవని కాదు. ముందే వింటే మీ కళ్లు వాళ్లు చెప్పినదాన్నే వెతుకుతాయి.

చూపు సరిగా లేనివాళ్లు, పెద్దవాళ్లు ఆడియో బైబిలు వాడొచ్చు. నిజానికి మొదట దీన్ని అందుకున్నవాళ్లలో ఎక్కువమంది చదవలేదు, విన్నారు.

అడుగు 1: ఒకే కూర్చున్న చోట, పైకి చదవండి

నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు. గట్టిగా చదివితే ఇరవై నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది. మధ్యలో ఆగకండి, గీతలు గీయకండి, ప్రార్థన అంశాలు రాసుకోకండి. ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని ఎలా చదువుతామో అలా చివరిదాకా చదివేయండి.

ఇక్కడ మన భాషలోనే ఒక చిక్కుంది. "పత్రిక" అనగానే ఇవాళ్టి పిల్లలకు వారపత్రిక, దినపత్రిక గుర్తొస్తాయి. బైబిల్లో పత్రిక అంటే ఉత్తరం. పిల్లలతో చదివేటప్పుడు "ఫిలిప్పీ వాళ్లకు పౌలు రాసిన ఉత్తరం" అనే చెప్పండి. ఆ ఒక్క మాటతో వాళ్లు వినే తీరే మారిపోవడం నేను చూశాను.

అధ్యాయాల అంకెలు 13వ శతాబ్దంలో వచ్చాయి. కొత్త నిబంధనలో వచనాల అంకెలు 1551లో వచ్చాయి. పౌలు రాసిన దాంట్లో అవి లేవు. ఓపిక ఉంటే వాడుక భాష అనువాదాన్ని ఫోన్లో కాపీ చేసుకుని, అంకెలు తీసేసి చదవండి. 1వ అధ్యాయం చివర నుంచి 2వ అధ్యాయంలోకి మాట ఎక్కడా తెగకుండా వెళ్లడం అప్పుడు కనబడుతుంది.

ఈ అడుగు పూర్తయిందో లేదో ఇలా చూసుకోండి: బైబిలు మూసేసి, ఈ ఉత్తరం ఎందుకు రాశాడో రెండు వాక్యాల్లో రాయండి. "సంతోషంగా ఉండమని" అని మాత్రమే రాశారా? మళ్లీ చదవండి. ఫిలిప్పీవాళ్లు పౌలుకు డబ్బు పంపారు, తెచ్చినవాడు జబ్బుపడి కోలుకున్నాడు, అతన్ని తిరిగి పంపుతున్నాడు, సంఘంలో ఏదో పొరపొచ్చం ఉంది. ఈ నాలుగింటిలో కనీసం రెండు రావాలి.

అడుగు 2: ఆ ఊరి సంగతి తెలుసుకోండి

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తీయండి. ఫిలిప్పీ మాసిదోనియలోని పట్టణం, ఇప్పుడు ఉత్తర గ్రీసులో శిథిలాలుగా ఉంది. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ రాజు పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. క్రీ.పూ. 42లో ఆంటొనీ, ఆక్టేవియన్ సేనలు జూలియస్ సీజర్‌ను చంపిన బ్రూటస్, కాసియస్ సేనలను ఓడించింది ఆ ఊరి దగ్గరే. తర్వాత రిటైరైన రోమా సైనికులకు అక్కడ భూములిచ్చి దాన్ని రోమా కాలనీ, అంటే రోమావాళ్ల వలస పట్టణం చేశారు. రోమా పౌరసత్వం అంటే ఆ ఊళ్లో పెద్ద గొప్ప. తాము చేసిన పదవులు, పొందిన బిరుదులు రాళ్ల మీద చెక్కించుకునే సమాజం అది.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. "మన పౌరస్థితి పరలోకమునందున్నది" అని 3:20లో పౌలు అన్న మాట ఆ ఊరివాళ్ల చెవిలో ఎలా పడిందో తెలియాలి. ఇంకొకటి ఉంది. వినయానికి గ్రీకులో వాడిన మాటకు ఆ రోజుల్లో మంచి పేరు లేదు. తక్కువవాడు, బానిస బుద్ధి గలవాడు అనే అర్థంలోనే ఎక్కువగా వాడేవాళ్లు. మనకు "వినయం" అంటే బడిలో నేర్పే మంచి గుణం. వాళ్లకు అది అవమానంతో పక్కపక్కన ఉండే మాట. ఆ మాటను తెచ్చి, పరువు కోసం ప్రాణమిచ్చే ఊరికి పంపాడు పౌలు.

కార్యములు 16లో మూడు సంగతులు నోటుబుక్కులో రాసుకోండి. నది ఒడ్డున ప్రార్థనలో కలిసిన లూదియ, ఊదారంగు పొడి అమ్మే వ్యాపారి. దయ్యం వదిలిన దాసి, ఆమె మీద సంపాదించే యజమానులు పౌలు మీదా ఆయన తోటి సేవకుడు సీల మీదా చేసిన ఫిర్యాదు. దెబ్బలు తిని, బొండలో కాళ్లు బిగించి ఉండగా మధ్యరాత్రి పాటలు పాడిన ఆ జైలు. కాబట్టి పౌలు జైలులో ఉండడం ఫిలిప్పీవాళ్లకు కొత్త కబురేమీ కాదు. ఆ రాత్రి గాయాలు కడిగిన జైలు అధికారి కూడా ఈ ఉత్తరం విన్నవాళ్లలో ఉండి ఉండవచ్చు.

16:37 కూడా రాసుకోండి. అది అడుగు 5లో చాలా అవసరం.

అడుగు 3: సంకెళ్లను లెక్కపెట్టండి

ఇది చిన్న పని, పది నిమిషాలు చాలు. "బంధకములు" అనే మాట ఎక్కడెక్కడ ఉందో చూడండి: 1:7, 1:13, 1:14, 1:17. నాలుగుసార్లు, నాలుగూ మొదటి అధ్యాయంలోనే. ఆ తర్వాత ఉత్తరం చివరిదాకా ఆ మాటే లేదు. ఒకసారి నా పరిస్థితి ఇది అని చెప్పేసి, ఎదుటివాళ్ల సంగతిలోకి వెళ్లిపోయాడు. మనం ఆసుపత్రి నుంచి ఉత్తరం రాస్తే ఎన్నిసార్లు మన నొప్పి గురించి రాస్తామో ఆలోచించుకోండి. నేనైతే ప్రతి పేజీలోనూ రాసేవాణ్ణి.

ఆ కాలం జైలు గురించి ఒక్క విషయం చాలు. ఇప్పటిలా ఇన్నేళ్లు జైలు అని శిక్ష వేయడం అప్పట్లో మామూలు కాదు. విచారణ జరిగేదాకా, తీర్పు వచ్చేదాకా పెట్టి ఉంచే చోటు అది. ఆ తీర్పు మరణమూ కావచ్చు, అందుకే 1:20లో "బ్రదుకు మూలముగానైనను సరే, చావు మూలముగానైనను సరే" అంటాడు. ఖైదీ తిండి, బట్ట ఎక్కువగా బయటివాళ్లు తెచ్చివ్వాల్సిందే. అందుకని ఫిలిప్పీవాళ్లు పంపగా ఎపఫ్రొదితు తెచ్చిన సహాయం పూలదండ లాంటి మర్యాద కాదు, పౌలు రోజులు గడవడానికి పనికొచ్చినది.

ఏ ఊరి జైలు అని అడుగుతారు. సంప్రదాయం రోమా అంటుంది, సుమారు క్రీ.శ. 60-62. 1:13లోని ప్రేతోర్యము అనే సేన, 4:22లోని కైసరు (రోమా చక్రవర్తి) ఇంటివారు అనే మాటలు దానికి ఆధారం. ఎఫెసు అనీ, కైసరయ అనీ వాదించే పండితులూ ఉన్నారు. మీరు చదవడానికి ఆ గొడవ తేలాల్సిన పని లేదు. దాని మీద ఒక సాయంత్రమంతా వాదించుకుని అసలు ఉత్తరం చదవకుండా లేచి వెళ్లిన గుంపును చూశాను.

అడుగు 4: సంతోషానికి ఎర్ర రంగు

ఇక ఎర్ర పెన్సిలు తీయండి. సంతోషం, ఆనందం అనే మాటలు, క్రియలు అన్నీ గుర్తుపెట్టండి. మన పాత అనువాదం ఒకచోట ఆనందం అంటుంది, ఇంకోచోట సంతోషం అంటుంది. గ్రీకులో మాత్రం అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవే. రెండు వేరువేరు సంగతులేమో, ఆనందం లోతైనది, సంతోషం పైపైది అని ప్రసంగాలు కట్టకండి. ఈ ఉత్తరంలో ఆ తేడాకు చోటు లేదు.

గ్రీకు లెక్క ప్రకారం మొత్తం 16 రావాలి. మొదటి అధ్యాయంలో నాలుగు: 1:4, 1:18లో రెండు, 1:25. రెండో అధ్యాయంలో ఏడు: 2:2, 2:17లో రెండు, 2:18లో రెండు, 2:28, 2:29. మూడో అధ్యాయంలో ఒక్కటి, 3:1. నాలుగో అధ్యాయంలో నాలుగు: 4:1, 4:4లో రెండు, 4:10. మీకు ఒకటి రెండు అటూ ఇటూ వస్తే అనువాదం వల్లనే, కంగారు పడకండి. మీ లెక్క ఇరవై దాటితే "అతిశయము" అనే మాటను కూడా కలిపేసి ఉంటారు, దాన్ని తీసేయండి.

లెక్క అయిపోయాక అసలు పని. ప్రతి ఎర్ర మాట పక్కన "ఎవరివల్ల?" అని రాయండి. 1:4లో ఫిలిప్పీవాళ్లు. 2:2లో వాళ్ల ఐక్యత. 2:28లో ఎపఫ్రొదితును తిరిగి చూడడం. 4:1లో వాళ్లే ఆయన ఆనందం, ఆయన కిరీటం. 4:10లో వాళ్లు మళ్లీ తనను తలుచుకోవడం. 3:1, 4:4లలో "ప్రభువునందు". ఒక్కటి కూడా "నేను తేలిగ్గా ఉన్నాను కాబట్టి" అని లేదు. దాదాపు అన్నిచోట్లా ఒక మనిషో, ఒక సంఘమో, ప్రభువో ఉన్నారు. ఒంటరిగా కూర్చుని మనసులో తెచ్చుకునే మూడ్ కాదు ఇది.

1:18 దగ్గర కాసేపు ఆగండి. పౌలు జైలులో ఉన్నాడని తెలిసి, ఆయనను ఇంకా బాధపెట్టాలని పోటీకి సువార్త చెప్పేవాళ్లు బయలుదేరారు. వాళ్ల గురించి ఆయన ఇలా అంటాడు: "మిషచేతనే గాని సత్యముచేతనే గాని, ఏ విధముచేతనైనను క్రీస్తు ప్రకటింపబడుచున్నాడు. అందుకు నేను సంతోషించుచున్నాను." నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే కష్టమైన వచనం ఇదే. పక్క సంఘం పెరిగితే, మన పాట కంటే వాళ్ల పాటకు పేరొస్తే, మన మనసు ఏమంటుందో మనకు తెలుసు. సంతోషం, వినయం ఒకే వాక్యంలో ఇలా కలిసిపోతాయి. తన పేరు పక్కన పెట్టగలిగాడు కాబట్టే సంతోషించగలిగాడు.

హెచ్చరిక: "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న వచనాన్ని ఏడుస్తున్నవాళ్ల మీద కర్రలా వాడకండి. ఇదే ఉత్తరంలో పౌలు 3:18లో ఏడుస్తూ రాస్తున్నానన్నాడు. ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదని 2:27లో అన్నాడు. దుఃఖం ఉండకూడదని ఈ ఉత్తరం చెప్పడం లేదు. నెలల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలనిపించక ఉన్నవాళ్లకు ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే మనిషి కావాలి. వాళ్లకు విశ్వాసం తక్కువైంది అనకండి.

అడుగు 5: వినయానికి నీలి రంగు

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. రెండు రోజులు పట్టినా సరే.

మొదట నాలుగు చోట్ల నీలి గీత గీయండి. 2:3లో "వినయమైన మనస్సు". 2:8లో క్రీస్తు "తన్ను తాను తగ్గించుకొనెను". 3:21లో "దీనశరీరము". 4:12లో "దీనస్థితిలో ఉండ నెరుగుదును". తెలుగులో ఇవి మూడు వేరు మాటలుగా కనిపిస్తాయి కాబట్టి మనకు లింకు అందదు. గ్రీకులో నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చినవి. వినయమైన మనసు గురించి చెప్పి, క్రీస్తు దాన్నే చేశాడని చూపించి, మన తక్కువ శరీరాన్ని ఆయన మారుస్తాడని చెప్పి, చివరికి నేనూ ఆ తక్కువ స్థితిలో ఉండడం నేర్చుకున్నానని ముగిస్తాడు. ఒకే దారం అధ్యాయాల్లోంచి వెళుతోంది.

తర్వాత 2:6-11ను మెట్ల బొమ్మగా గీయండి. పైన "దేవుని స్వరూపము". ఒక మెట్టు కిందికి "రిక్తునిగా చేసికొనెను". ఇంకో మెట్టు "దాసుని స్వరూపము". ఇంకోటి "మరణము". అన్నిటికంటే కింద "సిలువమరణము". అక్కడి నుంచి పైకి వెళ్లే మెట్లు. కిందికి దిగే మెట్లన్నిటికీ కర్త క్రీస్తే. పైకి ఎక్కే మెట్టు దగ్గర మాత్రం కర్త మారిపోతాడు: "దేవుడు ఆయనను అధికముగా హెచ్చించి". ఈ తేడా మీ బొమ్మలో కనబడాలి. దిగడం ఆయన పని, ఎక్కించడం తండ్రి పని. ఇదొక పాట అనీ, పౌలుకు ముందే విశ్వాసులు పాడుకునేవారనీ చాలామంది పండితుల అభిప్రాయం. కావాలంటే గట్టిగా లయతో చదివి చూడండి.

ఇప్పుడు తప్పులు. ఈ భాగంలో జరిగినన్ని తప్పులు ఇంకెక్కడా జరగవు.

మొదటిది, వినయం అంటే తనను తాను తిట్టుకోవడం అనుకోవడం. "నేను పురుగును, నాకేమీ చేతకాదు" అనడం వినయం కాదు. 2:4 చూడండి, ఎదుటివాళ్ల కార్యాల మీద చూపు పెట్టమంటుంది. తనను తాను తిట్టుకునేవాడి చూపు ఇంకా తన మీదే ఉంది.

రెండోది, మాటల వినయం. స్టేజీ మీద "అల్పుడనైన నన్ను" అంటాం, ఫ్లెక్సీ మీద మన ఫోటో చిన్నదైతే అలుగుతాం.

మూడోది చాలా ప్రమాదకరం. వినయం పేరుతో అన్యాయాన్ని భరించమని చెప్పడం. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లకు "తగ్గించుకో అమ్మా, క్రీస్తు తగ్గించుకోలేదా" అని చెప్పిన పెద్దలను నేను విన్నాను. అది ఈ వచనాన్ని తలకిందులు చేయడమే. క్రీస్తు "తన్ను తానే" తగ్గించుకున్నాడు. పైన ఉన్నవాడు, అధికారం ఉన్నవాడు, ఇష్టపూర్వకంగా దిగాడు. కింద ఉన్నవాళ్లను ఇంకా కిందికి తొక్కడానికి ఈ మాట ఇవ్వలేదు. ఇప్పుడు అడుగు 2లో రాసుకున్న కార్యములు 16:37 తీయండి. ఇదే ఫిలిప్పీలో, విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, పొద్దున్నే గుట్టుగా వెళ్లిపొమ్మన్నారు. పౌలు ఒప్పుకోలేదు. మేము రోమీయులం, బహిరంగంగా కొట్టించారు, మీరే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లండి అన్నాడు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారు. వినయం గురించి రాసిన మనిషే ఇది చేశాడు. మీ గుంపులో ఎవరైనా ఇంట్లో హింస గురించి చెబితే, వచనం చెప్పే ముందు వాళ్లు సురక్షితంగా ఉండేలా చూడండి.

సరిచూసుకోవడం: మీరు రాసిన వినయం నిర్వచనాన్ని మీ కంటే తక్కువ జీతం ఉన్నవాళ్లకు, మీ ఇంట్లో పనిచేసేవాళ్లకు చదివి వినిపించగలరా? వాళ్ల ముందు చదవడానికి ఇబ్బందిగా ఉంటే, మీరు రాసింది పైవాళ్లకు పనికొచ్చే నిర్వచనం. మార్చుకోండి.

అడుగు 6: పేర్లు ఉన్న మనుషులు

పౌలు తోటి సేవకుడు తిమోతి, 2:19-24. "అందరును తమ సొంత కార్యములనే చూచుకొనుచున్నారు" అని 2:21లో అంటాడు. 2:4లో చూడమని చెప్పినదాన్ని ఇక్కడ బతికి చూపినవాడు తిమోతి.

ఎపఫ్రొదితు, 2:25-30. ఈయనను మనం సరిగా పట్టించుకోం. డబ్బు తెచ్చాడు, చావు దాకా జబ్బుపడ్డాడు. అయితే అతని బెంగ తన జబ్బు గురించి కాదు, తాను జబ్బుపడిన సంగతి ఇంటి దగ్గర విన్నారే, వాళ్లు ఎంత కంగారు పడుతున్నారో అని! గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండి, జ్వరం వచ్చినా అమ్మకు చెప్పొద్దని ఫోన్లో బతిమాలే పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు కదా. ఆ మనసే ఇది. పంపిన పని సగంలో వచ్చేశాడని ఎవరూ అనకుండా పౌలు ముందే రాశాడు: పూర్ణానందంతో చేర్చుకోండి, ఇలాంటివాళ్లను ఘనపరచండి.

యువొదియ, సుంటుకే, 4:2-3. వీళ్ల మీద చేసే ప్రసంగాలు సాధారణంగా "ఆడవాళ్లు కొట్లాడుకుంటారు" అని మొదలవుతాయి. దయచేసి అలా మొదలుపెట్టకండి. వీళ్లు సువార్త పనిలో తనతో కూడా ప్రయాసపడినవారని పౌలు చెప్పాడు. గొడవ ఏమిటో చెప్పలేదు, తప్పు ఎవరిదో చెప్పలేదు. గ్రీకులో "బతిమాలుతున్నాను" అన్న మాటను ఒక్కొక్కరికి విడివిడిగా వాడాడు; మన అనువాదంలో ఒకసారే ఉంది. ఒకరి పక్షం తీసుకున్నాడని ఎవరూ అనలేరు. పైగా మూడో మనిషిని పిలిచి, వీళ్లకు సహాయం చెయ్యి అన్నాడు. "ఏకమనస్సు" అని 2:2లో చెప్పినది అందరికీ వర్తించే మంచి మాటలా ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి అది ఇద్దరు మనుషుల మధ్య పని అయిపోతుంది.

అడుగు 7: వాగ్దానం కార్డు మీది వచనాలను ఉత్తరంలోకి తిరిగి పంపండి

కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో మనం తీసే వాగ్దానం కార్డుల్లో ఫిలిప్పీ వచనాలు తప్పక ఉంటాయి. కార్డు తీయడం తప్పని నేను అనను. కానీ ఆ వచనానికి ముందు మూడు, వెనుక మూడు వచనాలు కలిపి చదివాకే గోడకు అంటించండి.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" (4:13). పరీక్షల ముందు, ఇంటర్వ్యూ ముందు అందరం వాడతాం. 4:12 చదవండి. కడుపు నిండి ఉండడం, ఆకలిగొని ఉండడం, రెండూ నేర్చుకున్నానంటున్నాడు. "సమస్తము" అంటే గెలుపు ఒక్కటే కాదు, లేమిలో నిలబడడం కూడా. సీటు రాని రోజున కూడా పనికొచ్చే వచనమే. గెలుపుకు మాత్రమే వాడితే, ఓడిన రోజున అది మనకు లేకుండా పోతుంది.

"మీ ప్రతి అవసరమును తీర్చును" (4:19). ఇది ఎవరికి రాశాడు? తమకే సరిగా లేకపోయినా ఇచ్చినవాళ్లకు. మాసిదోనియ సంఘాలు నిరుపేదలైనా అత్యధికంగా సంతోషించి ఇచ్చాయని 2 కొరింథీయులకు 8:2లో ఉంది. చేయి చాపి ఇచ్చినవాళ్లతో అన్న మాట ఇది.

"దేనినిగూర్చియు చింతపడకుడి" (4:6). టెన్షన్ పడొద్దు అని ఒక్క ముక్కతో ఆపేస్తాం. వాక్యం అక్కడ ఆగలేదు, విన్నపాలు చెప్పమంటోంది. అంటే చింత ఉందని ఒప్పుకుని, దాని పేరు పెట్టి చెప్పాలి. కాగితం మీద రాసి చెప్పండి, పని చేస్తుంది.

అడుగు 8: పక్కన పెట్టి చూడడానికి ఇంకో రెండు ఉత్తరాలు

సమయం ఉన్నవాళ్లకే. ఫిలేమోనుకు రాసిన ఉత్తరం 25 వచనాలు, ఇదీ జైలు నుంచే. పేరు ఫిలిప్పీకి దగ్గరగా ఉంది కాబట్టి పొరపాటు పడకండి. ఆజ్ఞాపించే అధికారం ఉన్నా ప్రేమను బట్టి వేడుకుంటున్నానంటాడు. ఫిలేమోను దాసుడు ఒనేసిము ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానంటాడు. ఫిలిప్పీ 2:6-8 మెట్ల బొమ్మలోలా ఒక ఇంటి తగువులో ఎలా దిగాలో ఇక్కడ చూడొచ్చు.

రెండోది అంతియొకయ సంఘ అధ్యక్షుడు ఇగ్నేషియస్ ఉత్తరాలు. రెండో శతాబ్దం మొదట్లో, పదిమంది సైనికుల కాపలాలో సంకెళ్లతో రోమాకు తీసుకుపోతుండగా దారిలో ఏడు ఉత్తరాలు రాశాడు. ఆ కాపలావాళ్లను చిరుతపులులన్నాడు, మేలు చేస్తే ఇంకా చెడ్డవాళ్లవుతున్నారన్నాడు. మరణం కోసం తహతహలాడుతున్నట్టు రాశాడు. పౌలు మాత్రం ఫిలిప్పీ 1:23-25లో వెళ్లిపోవాలని ఉన్నా, మీ కోసం ఉండిపోవడమే మేలు అంటాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే పౌలు సంతోషం ఎటు తిరిగి ఉందో బాగా తెలుస్తుంది. ఇగ్నేషియస్ ఫిలిప్పీ మీదుగానే వెళ్లాడు. అతని ఉత్తరాల నకళ్లు పంపమని స్ముర్న సంఘ అధ్యక్షుడు పోలికార్పును అడిగింది కూడా ఆ ఫిలిప్పీవాళ్లే. ఖైదీల ఉత్తరాలను దాచుకునే ఊరు అది.

చదివింది పట్టుబడిందా?

బైబిలు మూసి, ఉత్తరమంతా మూడు నిమిషాల్లో ఇంట్లో ఎవరికైనా చెప్పండి. మీరు చెప్పినదాంట్లో ఎపఫ్రొదితు పేరు రావాలి. 4:13 గురించి చెప్పేటప్పుడు ఆకలి అనే మాట రావాలి. వినయం గురించి చెప్పేటప్పుడు ఇంకో మనిషి ఉండాలి. ఈ మూడూ వస్తే బాగా చదివారు. రాకపోతే అడుగు 5, 6, 7 మళ్లీ చేయండి, మిగతావి అవసరం లేదు.

తర్వాత ఒక ఉత్తరం రాయండి. మీకు కష్టంలో సహాయం చేసి, మీరు ఇంతవరకు సరిగా థాంక్స్ చెప్పని మనిషికి. చేత్తో రాయండి, లేదా వాట్సాప్‌లోనైనా సరే, ఫార్వర్డ్ మెసేజ్ మాత్రం కాదు. మీ కష్టం గురించి ఒకటి రెండు వాక్యాలు, మిగతాదంతా వాళ్ల గురించి. రాసి పంపాక మీ మనసు ఎలా ఉందో గమనించండి. "నాకు సంతోషం రాలేదు" అన్న బ్రదర్‌కు నేను ఇచ్చిన పని ఇదే. ఆయన పదేళ్ల క్రితం ఫీజు కట్టిన మేనమామకు రాశాడు. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

గుంపుగా చదివేవాళ్లకు ఒక జాగ్రత్త. మీ కూడికలో మాటలు లేని ఇద్దరు ఉంటే, 4:2 చదివే రోజున అందరి ముందు వాళ్ల వైపు చూస్తూ చదవకండి. ఆ కూడికకు ముందే, ఒక్కొక్కరి ఇంటికి విడివిడిగా వెళ్లండి. టీ తాగి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. ఎవరిది తప్పో తేల్చకండి. ఇద్దరి దగ్గరా ఒకే మాటతో బతిమాలండి.